కకెరు: ఇరవై అర్థాలున్న జపనీస్ క్రియను తెలుగువారు నేర్చుకునే దారి

జపాన్‌లో ఒక క్లినిక్‌లో కాగితాలు నింపి ఇచ్చాక, బల్ల వెనక ఉన్నావిడ "ఒకకె ని నత్తె ఒమచి కుదసై" అన్నారు. వేచి ఉండమంటున్నారని చివరి రెండు మాటలను బట్టి అర్థమైంది. మొదటి మాట దగ్గర ఆగిపోయాను. అది కకెరు అనే క్రియకు గౌరవ రూపమని తెలుసు. నా నోటుపుస్తకంలో కకెరు అంటే "తగిలించు, వేలాడదీయు" అని రాసి ఉంది. ఏం తగిలించాలో తెలియక నిలబడి ఉంటే ఆవిడ చేత్తో కుర్చీ చూపించారు. కూర్చోమనడం అది.

ఇంటికి వచ్చి పెద్ద నిఘంటువు తెరిస్తే కకెరు కింద ఇరవైకి పైగా అర్థాలు కనిపించాయి. ఫోను చేయు, కళ్ళజోడు పెట్టుకొను, తాళం వేయు, ఉప్పు చల్లు, ఇబ్బంది పెట్టు, గుణించు... అన్నీ ఒకే క్రియకు. ఆ పట్టికను కంఠస్థం చేయాలని చూసి రెండు వారాలు పోగొట్టుకున్నాను. పట్టిక నిలవలేదు. తర్వాత వేరే దారిలో అదే క్రియ నిలిచింది, ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ దారిని మెట్టుమెట్టుగా ఇక్కడ రాస్తున్నాను. జపనీస్ నేర్చుకునే తెలుగువారు ఇంగ్లీషు అర్థాల మీదుగా తిరిగి వెళ్ళనక్కర్లేదని, మన భాష నుంచి నేరుగా వెళ్ళే దారి ఉందని నా గట్టి నమ్మకం. కకెరు దానికి చక్కని సాక్ష్యం.

జపనీస్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తాను. ఎ, ఏ, ఒ, ఓ అనే తేడా మన లిపిలో ఉంది. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాలు మారితే మాటే మారిపోతుంది కాబట్టి ఈ సౌకర్యాన్ని మొదటి రోజు నుంచే వాడుకోండి.

మొదటి మెట్టు: అది ఒక మాటా, నాలుగు మాటలా తేల్చుకోండి

తెలుగులో "పాడు" అంటే పాట పాడటం, చెడిపోయినదీ కూడా. అవి ఒకే మాటకు రెండు అర్థాలు కావు, ఒకేలా పలికే రెండు మాటలు. వాటిని కలిపే సూత్రం కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. కకెరు విషయంలోనూ ముందు ఈ ఏరివేత జరగాలి.

"త్సుకి గ కకెరు" అంటే చంద్రుడు క్షీణిస్తున్నాడని. "చవన్ గ కకెరు" అంటే గిన్నె అంచు విరిగి పెచ్చు ఊడిందని. ఇది లోపించడం, తరగడం అనే వేరే క్రియ. దీనికి కర్మ ఉండదు, కర్త పక్కన "గ" వస్తుంది. టోక్యో ఉచ్చారణలో స్వరం కూడా వేరు: ఇందులో "క" దిగువన మొదలై "కెరు" మొత్తం ఎత్తులోనే సాగుతుంది. మన అసలు కకెరులో "కె" మాత్రమే ఎత్తు, "రు" దగ్గర స్వరం దిగిపోతుంది. పరుగెత్తడం అనే కకెరు మరొకటి. దాని కంజిలో, అంటే చైనా నుంచి వచ్చిన భావాక్షరంలో, ఎడమవైపు గుర్రం గుర్తు ఉంటుంది. "కంజి గ కకెరు" అంటే కంజి రాయగలను అని. అది రాయడం అనే "కకు" క్రియకు సామర్థ్యార్థక రూపం. ఈ మూడింటినీ వేరే పేజీలో రాసి పక్కన పెట్టండి.

మిగిలినదంతా ఒకే కుటుంబం. అందులో కూడా కంజి నాలుగు రకాలుగా మారుతుంది, కానీ ఆ మార్పు మీకు సాయమే చేస్తుంది. మామూలు కకెరు కంజికి ఎడమవైపు చేయి ఉంటుంది. వంతెన వేసే కకెరు అడుగున కర్ర ఉంటుంది. ప్రాణం ఒడ్డే కకెరు అడుగున గుండె ఉంటుంది. పందెం వేసే కకెరుకు ఎడమవైపు గవ్వ ఉంటుంది, ప్రాచీన చైనాలో గవ్వలే డబ్బు కాబట్టి. ఈ పందెం కంజి 2010లో సవరించిన 2136 నిత్యవ్యవహార కంజిల జాబితాలో కొత్తగా చేరింది. రోజువారీ రాతలో చాలా అర్థాలకు కంజి లేకుండా, ధ్వనిని మాత్రమే రాసే హిరగన లిపిలోనే రాస్తారు కాబట్టి, రాయడం గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకండి.

రెండో మెట్టు: అర్థం రాయకండి, జంటను రాయండి

నోటుపుస్తకంలో ఎడమవైపు "కకెరు", కుడివైపు అర్థం రాసే అలవాటు మానేయండి. ఇంతకంటే ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. కకెరు ఒంటరిగా ఎక్కడా వినిపించదు. దాని పక్కన ఒక నామవాచకం, మధ్యలో ఒక విభక్తి ఉంటాయి. ఆ మూడూ కలిసిన ముక్కే మీరు నేర్చుకోవలసిన మాట.

"దెన్వ ఒ కకెరు": ఫోను చేయు. "మెగనె ఒ కకెరు": కళ్ళజోడు పెట్టుకొను. "కగి ఒ కకెరు": తాళం వేయు. కగి అంటే అసలు తాళంచెవి, కానీ ఈ వాడుకలో తాళానికీ అదే మాట. మన ఇళ్ళలో రెండింటినీ "తాళం" అనేస్తాం కదా, అలాగే. "ఇసు ని కకెరు": కుర్చీలో కూర్చొను.

ఇక్కడ "ఒ" మన "ని, ను" లాంటిది. "ని" మన "కి, మీద, లో" లాంటిది. చివరిదాన్ని మళ్ళీ చూడండి. అందులో "ఒ" లేదు, "ని" ఉంది. పూర్తిగా చెబితే "ఇసు ని కొషి ఒ కకెరు", కుర్చీ మీద నడుము వేయడం. వాడుకలో నడుము జారిపోయింది. నిఘంటువులో "కూర్చొను" అని ఉన్న అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క విభక్తి చెప్పేస్తుంది.

అన్ని వాక్యాలకూ అడుగున ఉన్న చట్రం ఇది: "అ ని ఆ ఒ కకెరు", అంటే "అ మీద ఆ ను కకెరు". గోడ మీద బొమ్మను: "కబె ని ఎ ఒ కకెరు". పిల్లవాడి మీద బొంతను: "కొదొమొ ని ఫుతొన్ ఒ కకెరు". అన్నం మీద సాసును: "గొహన్ ని సోసు ఒ కకెరు". పని మీద సమయాన్ని: "షిగొతొ ని జికన్ ఒ కకెరు". ఎదుటివారి మీద ఇబ్బందిని: "హితొ ని మేవకు ఒ కకెరు". రైలు ఆలస్యమైనప్పుడు స్టేషన్‌లో వినిపించే "గొమేవకు ఒ ఒకకె షిమషితె, మోషివకె గొజైమసెన్" అన్న క్షమాపణలో ఉన్నది కూడా ఇదే చట్రం. మా వల్ల మీ మీద ఇబ్బంది పడింది, మన్నించండి అని.

మొదటి వారం ఇలాంటి జంటలు నాలుగుకు మించి తీసుకోకండి. ఏ నాలుగు అన్నది మీ రోజును బట్టి ఎంచుకోండి. వంటగదిలో ఎక్కువసేపు గడిపేవారికి సాసు, ఉప్పు. ఆఫీసులో ఉండేవారికి ఫోను, ఇబ్బంది, సమయం. నిఘంటువు మొదట ఇచ్చిన అర్థమే మీకు మొదట అవసరం కావాలని లేదు.

మూడో మెట్టు: కదలికను పట్టుకోండి

నాలుగు జంటలు నోటికి వచ్చాక కళ్ళు మూసుకుని వాటిలోని కదలికను ఊహించండి. ఒకదాన్ని తీసుకువెళ్ళి మరొకదానికి ఆనించి, దాని బరువో ప్రభావమో అక్కడ పడేలా వదలడం. చొక్కాను కొక్కేనికి, కళ్ళజోడును చెవులకు, బొంతను ఒంటికి, మాటను మనిషికి, పన్నును సరుకుకు.

ఈ ఊహ జ్ఞాపకానికి పట్టుకొమ్మ మాత్రమే. ప్రతి వాడుకనూ ఇందులోకి బలవంతంగా దూర్చకండి. "ఎంజిన్ ఒ కకెరు" అంటే ఇంజిన్ స్టార్ట్ చేయడం, "సోజికి ఒ కకెరు" అంటే వాక్యూమ్ క్లీనర్‌తో ఊడ్చడం, "ఐరొన్ ఒ కకెరు" అంటే ఇస్త్రీ చేయడం. యంత్రాన్ని పనిలో పెట్టే ఈ వాడుకలను విడిగా ఒక గుంపుగా నేర్చుకోవడమే తేలిక.

నాలుగో మెట్టు: తెలుగులో దాని తోబుట్టువును వెతకండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఇంగ్లీషులో కకెరును చెప్పాలంటే ఇరవై వేర్వేరు క్రియలు కావాలి. తెలుగులో చాలా చోట్ల ఒక్క "వేయు" సరిపోతుంది.

తాళం వేయు: "కగి ఒ కకెరు". బ్రేకు వేయు: "బురేకి ఒ కకెరు". పాట వేయు, అంటే ప్లేయర్‌లో: "ఒంగకు ఒ కకెరు". దుప్పటి వేయు: "ఫుతొన్ ఒ కకెరు". పన్ను వేయు: "జేకిన్ ఒ కకెరు". నిచ్చెన వేయు: "హషిగొ ఒ కకెరు". వంతెన వేయు: "హషి ఒ కకెరు". ఉచ్చు వేయు: "వన ఒ కకెరు". మంత్రం వేయు: "మహో ఒ కకెరు". పందెం వేయు, దానికీ కకెరే. ఆఖరికి గుణకారం కూడా. మన పాత లెక్కల పుస్తకాల్లో గుణించడాన్ని "హెచ్చవేయు" అనేవారు, గుణకారం "హెచ్చవేత". జపనీస్‌లో మూడును నాలుగుతో గుణించడం "సన్ ని యొన్ ఒ కకెరు", గుణకారం "కకెజన్".

అయితే ఈ పోలికకు హద్దు ఉంది, ఆ హద్దును కూడా నోటుపుస్తకంలో గీయాలి. తెలుగులో లైటు వేస్తాం, ఫ్యాను వేస్తాం; జపనీస్‌లో వాటికి "త్సుకెరు". విత్తనాలు వేస్తాం, అక్కడ "మకు". చొక్కా, బూట్లు వేసుకుంటాం. అక్కడ చొక్కాకు "కిరు", బూట్లకు "హకు", టోపీకి "కబురు". ఒంటి మీదివాటిలో కళ్ళజోడుకు కకెరు. అటునుంచి చూస్తే "దెన్వ ఒ కకెరు"ను మనం ఫోను వేయడం అనం, "జికన్ ఒ కకెరు"ను సమయం వేయడం అనం, పెట్టడం అంటాం. నీళ్ళైతే పోస్తాం.

కొన్ని చోట్ల మాటలు కలిసినా బరువు కలవదు. "కొఎ ఒ కకెరు" అక్షరాలా గొంతు వేయడం. "కేక వేయు" అని రాసుకుంటే పొరపాటు. అది కేక కాదు, మెల్లగా పలకరించడం. భోజనానికి వెళుతూ పక్కవారిని "వస్తారా?" అని అడగడం కూడా కొఎ ఒ కకెరే. ఇలాంటి తేడాలను ఎర్ర సిరాతో రాయండి.

అయిదో మెట్టు: జంటక్రియను వెంటనే నేర్చుకోండి

కకెరు నేర్చుకుని కకరును తర్వాతకు వాయిదా వేయడం నేను చేసిన పెద్ద పొరపాటు. కకెరు ఒకరు చేసే పని. కకరు దానంతట అది జరిగేది. జపనీస్‌లో ఇలాంటి జంటలు వందల్లో ఉన్నాయి, మాటల్లో రెండో సగం లేకుండా రోజు గడవదు.

ఇక్కడ తెలుగు మళ్ళీ ఆదుకుంటుంది. కకెరు "వేయు" అయితే, కకరు "పడు". తాళం వేశారు, తాళం పడింది: "కగి గ కకత్తె ఇరు". బ్రేకు పడింది: "బురేకి గ కకత్త". పన్ను పడుతుంది: "జేకిన్ గ కకరు". భారం పడుతుంది: "ఫుతన్ గ కకరు". నీళ్ళు మీద పడ్డాయి: "మిజు గ కకత్త". ఉచ్చులో పడింది: "వన ని కకత్త". జబ్బు పడ్డాడు: "బ్యోకి ని కకత్త". రెండు గంటలు పడుతుంది: "ని జికన్ కకరు".

చివరి రెండింటి దగ్గర ఆగండి. సమయం పడుతుంది, జబ్బు పడతాం అని మనం పుట్టినప్పటి నుంచీ అంటున్నాం. వాటిలో "పడు" ఎందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ రుజువు కాని రెండు భాషలు రోగానికీ, కాలానికీ ఒకేలాంటి క్రియను ఎంచుకున్నాయని చూసిన రోజు నేను ఆ పేజీని మూయలేకపోయాను. "దొనొ గురై కకరిమసు క" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా తలలో మధ్యవర్తి లేడు. "ఎంతసేపు పడుతుంది" అని నేరుగా వినిపిస్తుంది.

తేడాలు ఇక్కడా ఉన్నాయి. డబ్బు విషయంలో "ఒకనె గ కకరు" అంటారు, మనకు డబ్బు పడదు, ఖర్చవుతుంది. "దెన్వ గ కకత్తె కురు" అంటే ఫోను వస్తుందని. "హషి గ కకరు" అంటే వంతెన ఏర్పడటం. దాన్ని "వంతెన పడింది" అని తెలుగులో రాసుకుంటే వంతెన కూలిందని అర్థమవుతుంది, జాగ్రత్త.

ఆరో మెట్టు: తోకగా వచ్చినప్పుడు

మరో క్రియకు తోకగా చేరినప్పుడు కకెరు రెండు పనులు చేస్తుంది. మొదటిది, పనిని ఎదుటివారి వైపు తిప్పడం: "హనషికకెరు" అంటే ఒకరితో మాట కలపడం, "యొబికకెరు" అంటే పిలుపునివ్వడం. రెండోది, పని మొదలై పూర్తికాకుండా ఉండటం: "తబెకకె నొ రింగొ" సగం తిన్న యాపిల్. "ఈకకెతె యమెరు" అంటే చెప్పబోయి ఆగిపోవడం. మన "బోయి" దీనికి చాలా దగ్గర.

నామవాచకాలు మీకు తెలియకుండానే ఎదురవుతుంటాయి. గోడకు వేలాడదీసే చిత్రపటం "కకెజికు", కప్పుకునే బొంత "కకెబుతొన్", చిన్న పీట "కొషికకె". వేడి రసం పోసి వడ్డించే నూడుల్స్ "కకె ఉదొన్". హోటల్ పట్టికలో ఆ పేరు చూసినప్పుడు నీళ్ళు పోసే కకెరును గుర్తు చేసుకోండి.

ఏడో మెట్టు: కార్డులు చేయడం, సరిచూసుకోవడం

ఒక కార్డుకు ఒక జంట. ఇరవై అర్థాలు ఒకే కార్డులో పెడితే ప్రతిసారీ ఒకటో రెండో మరిచిపోతారు, కార్డు మొత్తం తప్పినట్టే అవుతుంది. ముందువైపు తెలుగులో ఒక సందర్భం రాయండి: "బయటికి వెళుతున్నాం, తలుపు తాళం వేశావా?" వెనకవైపు పూర్తి జపనీస్ వాక్యం: "కగి ఒ కకెత?" పక్కనే ఇంకో కార్డు: "వెళ్ళి చూస్తే తాళం పడి ఉంది", "కగి గ కకత్తె ఇత". అంకి అనే ఉచిత ప్రోగ్రామ్ ఇందుకు సరిగ్గా పనికివస్తుంది. ఆ పేరు జపనీస్‌లో కంఠస్థం చేయడం అన్న మాటే. అట్టముక్కలతోనైనా ఫలితం ఉంటుంది. రోజుకు కొత్తవి రెండు చాలు.

సొంతంగా వాక్యం రాసినప్పుడు నామవాచకం సరైనదో కాదో మీ ఊహకు వదలకండి. జపాన్ జాతీయ జపనీస్ భాషా పరిశోధన సంస్థ తయారుచేసిన సమకాలీన రాత భాష కార్పస్‌లో, అంటే నిజమైన రాతల నుంచి పోగుచేసిన భాండాగారంలో, సుమారు పది కోట్ల పదాలున్నాయి. ఏ క్రియ పక్కన ఏ విభక్తితో ఏ నామవాచకం ఎంత తరచుగా వస్తుందో అందులో వెతికి చూసే సాధనాన్ని ఆ సంస్థే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ముఖ్యమైన క్రియల బహుళార్థాలను బొమ్మలతో, ఉదాహరణలతో వివరించే కరదీపిక కూడా అక్కడ ఉంది. దానికి నాయకత్వం వహించిన భాషావేత్త ప్రశాంత్ పర్దేశీ భారతీయుడు. బయటి నుంచి వచ్చి ఈ క్రియలతో కుస్తీ పట్టిన మనిషికి నేర్చుకునేవారి కష్టం తెలుసని ఆ పేజీలు చూస్తే నాకు అనిపిస్తుంది.

జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష రాసేవారికి ఒక మాట. ఎన్4 స్థాయి నుంచి అన్నిటికన్నా కష్టమైన ఎన్1 స్థాయి వరకు పదప్రయోగం మీద ఒక రకం ప్రశ్న ఉంటుంది: ఒక మాట ఇచ్చి, నాలుగు వాక్యాల్లో ఏది సరైన వాడుకో ఎంచమంటారు. అర్థాల పట్టిక చదివినవారికి నాలుగూ సరైనవిగానే కనిపిస్తాయి. జంటలు నేర్చుకున్నవారికి తప్పు చెవికి తగులుతుంది. వారానికోసారి మీరే నాలుగు వాక్యాలు రాయండి, వాటిలో మూడు కావాలని తప్పు రాయండి. "లైటు"కు కకెరు, "చొక్కా"కు కకెరు, "విత్తనం"కు కకెరు. తప్పును చేత్తో తయారుచేసినవారు దాన్ని మళ్ళీ చేయరు.

తర్వాతి క్రియ

కకెరు తర్వాత "హికు" తీసుకోండి. ముందు ఏరివేత: వాద్యం వాయించే హికుకు కంజి వేరు. కానీ మూలం లాగడమే కాబట్టి పక్కనే ఉంచవచ్చు. తర్వాత జంటలు: "త్సున ఒ హికు", తాడు లాగు. "కుజి ఒ హికు", లాటరీ చీటీ తీయు. "జిషొ ఒ హికు", నిఘంటువులో చూడు. "కజె ఒ హికు", జలుబు చేయు. "జూ కర సన్ ఒ హికు", పదిలోంచి మూడు తీసివేయు. ఇక తోబుట్టువు కోసం తెలుగులో వెతకండి. కకెజన్ హెచ్చవేత అయినట్టు, "హికిజన్" తీసివేత అవుతుంది. అక్కడ మొదలుపెట్టి "లాగు", "తీయు" రెండింటినీ పక్కపక్కన నిలువు గీతలు గీసి రాసుకోండి. జలుబు ఏ గీత కిందికీ రాదు. దానికి ఎర్ర సిరా వాడండి.